మిక్సీ వేస్తే ఫ్లాప్స్ దిగే విమానం

పొద్దున చట్నీకి మా ఆవిడ మిక్సీ వేస్తే, పక్క గదిలో నా విమానం ఫ్లాప్స్, అంటే రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు, వాటంతటవే ఊగేవి. పది డిగ్రీల్లో పెట్టినవి ఇరవైకి దిగేవి, మళ్ళీ పదికి ఎక్కేవి, మళ్ళీ దిగేవి. మిక్సీ ఆగితే అవీ ఆగేవి. రన్‌వే ఇంకో రెండు వందల అడుగుల కింద ఉందనగా ఇలా జరిగితే ముక్కు లేచిపోయేది, స్పీడు పడిపోయేది, నేను యోకు (విమానం స్టీరింగు) పట్టుకుని కుస్తీ పట్టేవాణ్ణి. వంటింట్లోంచి "ఏమండీ, మళ్ళీ పడిందా?" అని వినిపించేది. విమానం పడడం మా ఇంట్లో పాలు పొంగడం లాంటిదైపోయింది.

ఒక మారుతి 800 సీటు, ఒక అంబాసిడర్ చోక్ నాబ్, లిఫ్టుల్లోంచి తీసేసిన స్విచ్చులు, పాత స్లాటెడ్ యాంగిల్ ర్యాకు, రెండు క్లచ్ పెడళ్ళు, ఒక సైకిల్ చైను. ఇవన్నీ కలిపి కట్టిన సెస్నా 172 నాది. అంటే ఆ చిన్న విమానం కాక్‌పిట్‌కు ఇంట్లో కట్టిన నకలు, కంప్యూటర్లో మాత్రమే ఎగిరే సిమ్యులేటర్. మూడేళ్ళు పట్టింది. ఇప్పటికీ పూర్తి కాలేదు.

నాది హిందూపురం. 2004లో లిఫ్ట్ మెకానిక్ పనికి బెంగళూరు వచ్చి మురుగేశ్‌పాళ్యలో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. అప్పుడు ఎయిర్‌పోర్టంటే హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టే. మేడ మీద ఆరేసిన బట్టల్ని రాసుకుంటూ పోతున్నాయా అన్నంత కిందగా విమానాలు దిగేవి. చక్రాల మీద మట్టి కూడా కనిపిస్తుందని మాలో ఒకడు పందెం కాసేవాడు. 2008 మే నెలలో ప్రయాణికుల విమానాలన్నీ దేవనహళ్ళి కొత్త ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయాయి. గది మాత్రం ఒక్కసారిగా మూగబోయింది. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే నేను ఆ నిశ్శబ్దం గురించే చెబుతాను.

మా బామ్మర్దిది వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడికీ ఇదే పిచ్చి, కాకపోతే డబ్బున్న పిచ్చి. వంపు తిరిగిన పెద్ద స్క్రీను, దాని ముందు ఒక జాయ్‌స్టిక్, లోపల నా బండి ఖరీదు చేసే గ్రాఫిక్స్ కార్డు. వాడి సిమ్యులేటర్లో మబ్బులు చూస్తే గొడుగు తీసుకోవాలనిపిస్తుంది. వాడి అపార్టుమెంటు మేడ మీది నీళ్ళ ట్యాంకు కూడా కనిపిస్తుంది. నా గది చూసి ఒకటే మాట: "బావా, ఈ తుక్కంతా ఎందుకు? ఆ డబ్బుతో మంచి స్క్రీను కొనుక్కోవచ్చు కదా."

దీని మీద మేమిద్దరం ఏడాదిగా వాదించుకుంటున్నాం. నా వైపు వాదన ఇక్కడ రాస్తున్నాను, వాడి వైపుది వాడు రాసుకోవచ్చు. నేననేదేమిటంటే, ఇంట్లో సిమ్యులేటర్ కట్టుకునేవాళ్ళు డబ్బంతా కళ్ళకు తగలేస్తున్నారు. విమానం నడిపేది చేతులు. ముందు చేతులకు ఖర్చు పెట్టాలి. ఆ చేతులకు కావలసిన సరుకు కొత్త ప్లాస్టిక్‌లో కంటే తుక్కు కొట్లలో బాగా దొరుకుతుంది.

నా పద్ధెనిమిదేళ్ళ లిఫ్టు పనిలో ఒకటి గమనించాను. నొక్కితే టక్‌మని లోపలికి పోయే పాత బటన్‌ను జనం ఒక్కసారే నొక్కుతారు. వేలు ఆనిస్తే చాలు అనే టచ్ బటన్‌ను నాలుగుసార్లు పొడుస్తారు. లైటు వెలిగినా సరే పొడుస్తారు. వేలికి జవాబు రాకపోతే కంటికొచ్చిన జవాబును మనిషి నమ్మడు.

విమానాల వాళ్ళకు ఇది చాలా నష్టపోయాక తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బీ-17 బాంబర్లు క్షేమంగా దిగాక, నేల మీదే బోర్లా పడుకునేవి. పైలట్ ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవాడు. రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉండేవి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అది చూసి, చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు రెక్కలాంటి ముక్క తగిలించమన్నాడు. చూడకుండానే చేతికి తెలుస్తుంది. ఈ రోజు ఏ పెద్ద విమానం కాక్‌పిట్‌లో చూసినా చక్రాల మీట చక్రంలాగే ఉంటుంది. చక్రాలు మడుచుకోని సెస్నా 172లో కూడా ఫ్లాప్స్ మీట రెక్కలా పలచగా ఉంటుంది, పెట్రోలు, గాలి పాళ్ళు మార్చే మిక్స్చర్ నాబ్ ఎర్రగా, చుట్టూ గాట్లతో ఉంటుంది. బామ్మర్ది దగ్గర ఇవన్నీ మౌస్ బాణం కింద ఒకటే.

ఇంకా వెనక్కి వెళ్దాం. మొట్టమొదట బాగా అమ్ముడుపోయిన సిమ్యులేటర్లో అసలు స్క్రీనే లేదు. అమెరికాలో బింగ్‌హామ్టన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో చేశాడు. వాళ్ళ నాన్నది పియానోలు, ఆర్గన్లు చేసే ఫ్యాక్టరీ. ఆర్గన్‌కు గాలి కొట్టే తిత్తులు, పంపులు తీసుకొచ్చి చెక్క విమానం కింద పెట్టాడు. కర్ర ఎటు తోస్తే ఆ వైపు తిత్తిలోంచి గాలి పోయి విమానం అటు వంగేది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు, తిరనాళ్ళలో రంగులరాట్నం పక్కన పెట్టి పిల్లలను ఎక్కించారు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగించారు. మబ్బుల్లో, మంచులో గేజీలు చూసి నడపడం రాక వరసగా పైలట్లు చనిపోయారు. అప్పుడు లింక్ చేసిన ఈ డబ్బాలు ఆరు కొన్నారు. లోపల కూర్చోబెట్టి పైన మూత వేసేసేవారు. బయట ఏమీ కనిపించదు. గేజీలు, చేతులు, కాళ్ళు, అంతే. యుద్ధం ముగిసేసరికి ఆ మూత కింద కూర్చుని నేర్చుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. నీళ్ళ ట్యాంకు చూపించి కాదు.

సరే, తుక్కు సంగతికొస్తాను.

శివాజీనగర్ గుజరీలో ఏదైనా కొనాలంటే ముందు అది దేనికో చెప్పకూడదు. నేను మొదటిసారి వెళ్ళి "విమానానికన్నా" అన్నాను. రేటు మూడింతలైంది. రెండోసారి వేరే కొట్టుకెళ్ళి, "ఊళ్ళో అంబాసిడరుంది, చోక్ కేబుల్ తెగింది" అన్నాను. నూట యాభైకి ఇచ్చాడు, కేబుల్ కూడా కలిపి. ఆ నాబు తూకం వేరు. లాగితే మొదట కాస్త బిగువుగా ఉండి, తరవాత వెన్నలా జారి, చివర ఒక చిన్న దెబ్బతో ఆగుతుంది. అలాంటిది కొత్తగా చేయించాలంటే పీణ్యాలో లేత్ పనివాడు నన్ను ఎగాదిగా చూస్తాడు.

సెస్నా 172పీకి కార్బ్ హీట్ అనే నాబుంది. చోక్‌లాగే లాగేది, పని మాత్రం వేరు. చోక్ గాలిని తగ్గిస్తుంది, ఇది వేడి గాలిని పంపిస్తుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు, ఇరుకు గొంతులో గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు లోపల చల్లబడుతుంది. ఇరవై డిగ్రీలకు పైగానే పడిపోగలదు. కాబట్టి బయట ఎండాకాలం కాకుండా చలికాలం కాకుండా, గాలిలో తేమ నిండి, ఇరవై డిగ్రీలున్న రోజు కూడా లోపల మంచు కడుతుంది. అంటే అచ్చం బెంగళూరు జూలై సాయంత్రం. మంచు కడితే ఇంజిన్‌కు గాలి అందదు. అందుకే దిగేటప్పుడు థ్రాటిల్ (ఇంజిన్ బలం పెంచి తగ్గించే నాబు) తగ్గించే ముందు కార్బ్ హీట్ పూర్తిగా లాగాలి. వేడి గాలి పలచన గనుక ఆర్‌పీఎం కాస్త పడుతుంది. పడాలి కూడా, అది పనిచేస్తున్నట్టు గుర్తు.

దిగలేక మళ్ళీ పైకి లేవాల్సి వస్తే (దీన్నే గో-అరౌండ్ అంటారు) అంతా తిరగబడుతుంది: థ్రాటిల్ పూర్తిగా లోపలికి, కార్బ్ హీట్ లోపలికి, ఫ్లాప్స్ ఇరవైకి. అసలు విమానంలో కార్బ్ హీట్ నాబు థ్రాటిల్‌కు ఆనుకున్నట్టు ఎడమ పక్కనే ఉంటుంది. అరచేత్తో రెండిటినీ కలిపి ఒక్క తోపు తోయవచ్చు. ఇది నాకు ఏ వీడియోలోనూ తెలియలేదు. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన వల్ల తెలిసింది.

ఆయనది తెనాలి. ఎయిర్‌ఫోర్సులో ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌గా చేశారు. దుండిగల్లో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానాల గేజీలు విప్పి బిగించిన చేతులు. లిఫ్ట్ ఆగిపోతే నాకు ఫోన్ చేస్తారు, అలా పరిచయం. ఒక సాయంత్రం వచ్చి మారుతి సీట్లో కూర్చున్నారు. ఏమీ ముట్టుకోలేదు. లేచి నన్ను కూర్చోమన్నారు.

"కళ్ళు మూసుకో. ఫ్లాప్స్."

పట్టుకున్నాను.

"మిక్స్చర్."

పట్టుకున్నాను.

"కార్బ్ హీట్."

చెయ్యి గాలిలో తడుముకుంది. థ్రాటిల్ తగిలింది, అదే లాగేశాను.

"అయిపోయావయ్యా," అన్నారు ఆయన తాపీగా. "ఇంజిన్ బలం నువ్వే తీసేసుకున్నావు."

గంతలు కట్టి ఇలా పరీక్ష పెట్టడం పైలట్ల శిక్షణలో పాత పద్ధతట. ఆయన నా ప్లైవుడ్ పానెల్ మీద వేళ్ళతో జానెడు కొలిచి చూపించారు. నేను నాబుల మధ్య అందంగా ఉంటుందని ఎడం పెట్టాను. అరచెయ్యి రెండిటినీ కప్పడం లేదు. "విమానంలో అందం కోసం ఏదీ ఉండదు. ఇది ఇక్కడెందుకుందో చేతికి తెలియాలి." మర్నాడు ఆదివారం. పానెల్ మొత్తం విప్పి కొత్త ప్లైవుడ్ కోశాను. మా అమ్మాయి కన్నాలు గుర్తుపెట్టింది. ఇప్పుడు గో-అరౌండ్ అంటే నా కుడిచెయ్యి నన్ను అడగకుండానే పోతుంది.

బామ్మర్దిని ఓసారి పిలిచి అదే చేయమన్నాను, వాడింట్లోనే, వాడి మబ్బుల్లోనే. ఎదురుగా రన్‌వే మీద ఇంకో విమానం పెట్టాను. వాడు థ్రాటిల్ తోశాడు. తరవాత మౌస్‌తో కార్బ్ హీట్ నాబు కోసం తల కిందికి దించాడు, స్క్రీను కింద వెతికాడు, దొరికింది, నొక్కాడు, పొరపాటున ఇంకా లాగాడు. తల ఎత్తేసరికి ఎడమ రెక్క చెట్లలో ఉంది. వీఆర్ హెడ్‌సెట్ కొంటానన్నాడు. అది పెట్టుకుంటే తన చేతులు తనకే కనిపించవు, అప్పుడైనా నిజమైన నాబులు కావాలి కదరా అన్నాను. మాట మార్చాడు.

వాడు చెప్పినదాంట్లో నేను ఒప్పుకునేది ఒకటుంది. నాది ఒకే ఒక్క 24 అంగుళాల మానిటరు. దిగడానికి రన్‌వే పక్కగా చుట్టు కొట్టే సర్క్యూట్‌లో తిరిగేటప్పుడు రన్‌వే ఎడమ భుజం వెనక్కి వెళ్ళాక మలుపు తిప్పాలి. నాకు అక్కడ గోడ, గోడ మీద క్యాలెండరు. బటన్ నొక్కి చూపు పక్కకు తిప్పుకోవాలి. అది నకిలీ పనే. చేతుల పని అయ్యాక పక్కలకు రెండు స్క్రీన్లు కొంటాను. ముందు కాదు.

తుక్కుతో కడితే చవక అని కొందరు చెబుతారు. అబద్ధం. నాకు ఇప్పటికి నలభై ఒక్క వేలైంది, అందులో తొమ్మిది వేలు శుద్ధ దండగ. యోకు, థ్రాటిల్, పెడళ్ళు రెడీమేడ్ కొనుంటే ఇంతే అయ్యేది, వారాంతాలు మిగిలేవి. దండగ ఎలా అయిందో చెబితే ఎవరికైనా పనికొస్తుంది. ఒక కొట్టువాడు "చెక్ చేసిందే సార్" అని ఇచ్చిన ల్యాప్‌టాప్ స్క్రీను ఇంటికొచ్చాక నలభై నిమిషాలు బతికింది. థ్రాటిల్‌కు మైక్‌సెట్టు వాళ్ళ పాత సౌండ్ మిక్సర్లోంచి జారుడు పాట్ (పొటెన్షియోమీటర్, వాల్యూమ్ పెంచే మీట లోపలి భాగం) పీకి పెట్టాను. సగం తోసినా ఇంజిన్‌కు పదోవంతు కూడా అందదు, చివరి అంగుళంలో ఒక్కసారి గర్జిస్తుంది. పాట్ వెనక ఏ10కే అని ఉంది. ఏ అంటే చెవి కోసం చేసింది, మెల్లగా మొదలై చివర్లో పెరుగుతుంది. మనకు కావలసింది బీ, సమానంగా పెరిగేది. ఎస్పీ రోడ్డులో ఇరవై రూపాయల సరుకు. ఆ ఒక్క అక్షరం కోసం నేను మూడు వారాలు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకున్నాను.

ఇంకోటి గేజీలు. కార్ల డాష్‌బోర్డుల్లో ముల్లు తిప్పే చిన్న మోటార్లుంటాయి, ఇంజిన్ ఆర్‌పీఎంకూ స్పీడుకూ భేషుగ్గా సరిపోతాయి. ఆల్టిమీటర్‌కు అదే పెట్టాను. మూడు వందల పదిహేను డిగ్రీలు తిరిగి ఆగిపోయింది. లోపలే అడ్డం ఉంటుంది దానికి. ఆల్టిమీటర్ పెద్దముల్లు వెయ్యి అడుగులకొక చుట్టు చొప్పున ఎక్కినంతసేపూ తిరగాలి. నా విమానం తొమ్మిది వందల అడుగుల దగ్గర శాశ్వతంగా ఉండిపోయింది. చివరికి పాత స్ప్లిట్ ఏసీలో గాలి రేకులు ఊపే స్టెప్పర్ మోటారు పెట్టాను. అది ఎన్ని చుట్లైనా తిరుగుతుంది, కానీ సున్నా ఎక్కడో దానికి తెలియదు. ఆన్ చేసిన ప్రతిసారీ ముల్లుకంటించిన చిన్న అయస్కాంతాన్ని హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టే భాగం) ముందుకు తెచ్చుకుని అక్కడ సున్నా అనుకుంటుంది. లిఫ్ట్ కూడా కరెంటు పోయొచ్చాక ఇదే చేస్తుంది, నెమ్మదిగా కింద అంతస్తుకు వెళ్ళి తానెక్కడుందో తెలుసుకుంటుంది.

అన్నీ తుక్కే పెట్టమని నేననడం లేదు. అరిగేవి కొత్తవి కొనాలి. పెడళ్ళకు మొదట పాత పాట్‌లు పెడితే నెలలో గీతలుపడి ముక్కు వణికింది. ఇప్పుడు హాల్ సెన్సర్లు, ఎదురుగా అయస్కాంతం, ఒకదానికొకటి తగలవు కనుక అరగవు. వీటన్నిటినీ చదివే బోర్డు కూడా కొత్తదే, ఆర్డుయినో ప్రో మైక్రో. తగిన కోడ్ ఎక్కిస్తే కంప్యూటర్ దాన్ని నేరుగా జాయ్‌స్టిక్ అనుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఫ్లైట్‌గేర్, ఉచితం, ఆఫీసు పాత కంప్యూటర్ మీదే నడుస్తుంది, అందులో 172పీ ముందే ఉంటుంది. యోకు గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. పీవీసీ పైపు, సొరుగుల చానళ్ళు, కొంచెం సిగ్గు.

మిక్సీ గొడవ ఎలా తీరిందో చెప్పలేదు కదా. మిక్సీ మోటార్లో కార్బన్ బ్రష్‌లు నిప్పురవ్వలు రాలుస్తుంటాయి. ఆ రొదను నా పొడుగాటి పాట్ తీగలు ఏంటెన్నాల్లా పట్టుకునేవి. బోర్డు సున్నా నుంచి 1023 వరకు అంకెలు చదువుతుంది. ఫ్లాప్స్ మీట సరిగ్గా పదికీ ఇరవైకీ మధ్య గీత మీద నిలిచింది, రొదకు అంకె అటూ ఇటూ దూకేది. థ్రాటిల్‌కైతే మైకుల కేబుల్ వేసి, పైన అల్లిక తీగను ఒక వైపు గ్రౌండ్ చేసి, బోర్డు దగ్గర చిన్న కెపాసిటర్ పెడితే సద్దుకుంది. ఫ్లాప్స్ మాత్రం మొండికేశాయి. పదిహేను రోజులు కోడ్ రాసి, తుడిచి, మళ్ళీ రాశాను.

ఆ వారం ఇందిరానగర్లో ఒక పాత లిఫ్ట్ విప్పుతున్నాం. షాఫ్ట్‌లో అంతస్తుకొక లిమిట్ స్విచ్, కారు వెళ్ళి తగిలితే టక్. చేతిలో స్పానర్‌తో అలాగే నిలబడిపోయాను. ఫ్లాప్స్‌కు ఉన్నవి నాలుగే నాలుగు స్థానాలు. సున్నా, పది, ఇరవై, ముప్పై. నాలుగంతస్తుల బిల్డింగ్. దానికి పాట్ ఎందుకు పెట్టాను? పద్ధెనిమిదేళ్ళుగా చేస్తున్న పని ఇంటికొచ్చేసరికి ఎలా మర్చిపోయాను? సూపర్‌వైజర్‌ను అడిగి నాలుగు స్విచ్చులు తెచ్చుకున్నాను. రేకులో నాలుగు గాట్లు కోసి, ప్రతి గాటు వెనక ఒకటి బిగించాను. ఇప్పుడు మిక్సీ కాదు, గ్రైండర్ వేసుకున్నా ఫ్లాప్స్ కదలవు. టక్, టక్, టక్ అని దిగుతాయి. ఆ శబ్దం వింటే మా ఆవిడ కాఫీ పెడుతుంది, ఇంకో రెండు నిమిషాల్లో దిగుతానని తెలుసు.

ఈ గంటలు ఏ లాగ్‌బుక్‌లోనూ ఎక్కవు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేని డబ్బాలో కూర్చుని ఎంత ఎగిరినా లైసెన్సుకు పనికిరాదు. నాకు లైసెన్సు అక్కర్లేదు కూడా. ఇప్పుడు కావలసింది స్టాల్ హారన్. స్పీడు మరీ తగ్గి విమానం పడిపోబోయే ముందు 172లో ఒక పీక మోగుతుంది. దానికి కరెంటు లేదు, వైరు లేదు. ఎడమ రెక్క ముందంచులో చిన్న కన్నం. రెక్క ఎక్కువగా ఎత్తుకున్నప్పుడు అక్కడ గాలి లోపలి నుంచి బయటికి పీల్చుకుంటుంది, ఆ దారిలో ఒక రీడు ఉంటుంది, హార్మోనియంలో లాంటిదే. అది మూలుగుతుంది. స్పీకర్లో రికార్డు వేయొచ్చు, బామ్మర్ది అదే వేశాడు. పెద్దాయన విని, "ఇది అంబులెన్సులా ఉందయ్యా" అన్నారు.

చిక్‌పేట వైపు ఆదివారం సంతలో ఒక హార్మోనియం చూసిపెట్టుకున్నాను. తిత్తి చిరిగింది, మెట్లు సగం ఊడిపోయాయి, రీడ్లు మాత్రం బాగున్నాయి, ఊది చూశాను. ఎనిమిది వందలంటున్నాడు. దేనికని అడిగితే, మా అమ్మాయికి సంగీతం నేర్పిస్తున్నానని చెప్పాను.